పదారు గజాల బావి, చివరి పేజీ

మిషన్ పాళెం, బద్వేలు దగ్గర
20 జనవరి 2025

కృపారాణికి పెద్దనాయన ఓబన్న రాసేది.

నేను బాగున్నాను. మేకలు బాగున్నాయి. మోకాలు అట్లే ఉంది, దాన్ని గురించి అడగవద్దు.

నిన్న మందులకని బద్వేలు పోతే బస్టాండు గోడ మీద మన పుస్తకం పేరు కనపడింది. "పదారు గజాల బావి" అని మనిషి ఎత్తు అక్షరాలు. సినిమా తీశారంట. కూడబలుక్కుని రెండుసార్లు చదివేలోపల బస్సు పోయింది. మార్చి పద్నాలుగున విడుదల అని కింద ఉంది. బొమ్మలో ఆ కథలోని అన్నదమ్ములు వీరభద్ర, చిన్న ఈరన్న ఒకరి భుజాల మీద ఒకరు చేతులు వేసుకుని నిలబడ్డారు. బావులు తవ్వేవాళ్ళకు అంత తెల్లటి పళ్ళు యాడివో నాకు అర్థం కాలేదు.

మన పాళెం యేసుప్రసాద్ తన ఆటోలో ఎక్కించుకుని చెవి దగ్గర అరిచాడు.

"ఏం పెద్దయ్యా, సినిమాకు పోతాండావా?"

"పోతాండా. నీకేమప్పా?"

"నీకు వినపడదు గదా."

"నీకు రెండు కళ్ళుండాయి, మొన్న గొర్రెను గుద్దితివే."

ఊరంతా ఇదే మాట అంటారని నాకు తెలుసు. నాకు వినపడాల్సిన పని లేదు. మీ నాయన హెన్రీ బావిలో పోయిన ఏడు మీ పెద్దమ్మ ఆ పుస్తకాన్ని చర్చి పుస్తకాల పెట్టెలోంచి తెచ్చి నాకు చదివి వినిపించింది. ఆ తరవాత ఏటా ఆగస్టు పన్నెండున, హెన్రీ పోయిన దినం, చివరి అధ్యాయం మళ్ళీ చదివేది. మొత్తం ఇరవై ఎనిమిది సార్లు. చెవి మందగించాక పక్కన కూర్చుని గట్టిగా చదివేది. ఒక్క మాట మారలేదు. చర్చిలో వాక్యం చదివే మనిషి, ఒత్తు వదలదు. ఆమె పోయింది కాబట్టి మొన్న ఆగస్టులో చదివేవాళ్ళు లేరు. మాట్లాడినట్టు రాయడం నాకు వస్తుంది, చీటీలు, బస్సు బోర్డులు, నువ్వు పెద్ద అక్షరాలతో రాసే ఉత్తరాలు చదవడం వస్తుంది గానీ అంత సన్న అక్షరం రాదు.

ఆ కథలో బావి రాయిని పేల్చే తూటా వత్తి అంటుకున్నాక చిన్న ఈరన్న పైకి వస్తాడు. దుమ్ము కొట్టుకుని దగ్గుతూ వస్తాడు. "అన్నా, రాయి కింద తడి తగిలింది" అంటాడు. అది నేను చచ్చేలోగా కంటితో చూడాలి. ఇంకేమీ అడగను.

కర్నూలులో పెద్ద తెర ఉంటుంది కదా. టిక్కెట్టు తీసుకో. నువ్వుండే ఓర్వకల్లులో దిగుతాను.

ఓబన్న


ఓర్వకల్లు
28 జనవరి 2025

పెద్దనాయనకు కృప వందనాలు.

ఉత్తరం అందింది. ఫోన్లో నా గొంతు వినపడదని నువ్వు ఫోనే మానేశావు గానీ, నీ ఉత్తరాలు మాత్రం నీ గొంతుతోనే వస్తాయి.

సినిమా సంగతి నాకు నెల ముందే తెలుసు. నీకు చెప్పలేదు, ఎందుకంటే ఆశ పెట్టుకుంటావని. పుస్తకం వేరు, సినిమా వేరు పెద్దనాయనా. పుస్తకం నచ్చినవాళ్ళు సినిమా చూసి తిట్టుకుంటూ బయటికి వస్తారు. ఇందులో చిన్న ఈరన్న పెళ్ళాన్ని నర్సును చేశారంట. మంచు కొండల్లో ఒక పాట ఉందంట. మూడేళ్ళ కరువు పది నిమిషాల్లో అయిపోతుందంట. చివర కూడా మార్చారని విన్నాను.

మైదుకూరులో బస్సు మారాలి, ఐదారు గంటల ప్రయాణం, మార్చి ఎండ. ఆ మోకాలితో ఎందుకు చెప్పు. రెండు నెలలు ఆగితే ఫోన్లోకి వస్తుంది. నేను వచ్చినప్పుడు ఇంట్లో కూర్చుని ఇద్దరం చూద్దాం. నీకు నచ్చని చోట నేను ఆపేస్తాను.

మాత్రలు పూట తప్పకుండా వేసుకో.

నీ కృప


మిషన్ పాళెం
4 ఫిబ్రవరి 2025

కృపారాణికి ఓబన్న రాసేది.

మోకాలు గురించి అడగవద్దన్నాను. అడిగావు.

నువ్వు చెప్పింది నాకు అర్థమైంది. పోయిన ఏడు నువ్వు పని చేసే విమానాల కాడికి వచ్చినప్పుడు నేను మాట్లాడితే అద్దాల ఇల్లంతా మోగింది. నీ ఆఫీసరు తిరిగి చూశాడు. నువ్వు నేల చూశావు. నేనది చూశాను, అప్పుడు ఏమీ అనలేదు. సినిమా హాల్లో చెవిటి ముసలాయనను పక్కన కూర్చోబెట్టుకోవడం నీకు నామోషీ అయితే ఆ మాటే రాయి. ఎండ మీద, బస్సు మీద పెట్టవద్దు. నేను నలభై ఏళ్ళు బావుల్లో ఉన్నాను. ఎండ సంగతి నువ్వు నాకు చెప్పేదేంది.

ఫోన్లో చూడను. అరచేయంత తెరలో బావి ఏం లోతు ఉంటుంది.

పాటలు పెట్టుకోనీ, పెళ్ళాన్ని కలెక్టరును చేయనీ. నాకు అక్కర లేదు. చివర మార్చారని ఒక్క ముక్క రాసి వదిలేశావు. ఏం మార్చారు? సూటిగా రాయి.

ఓబన్న


ఓర్వకల్లు
11 ఫిబ్రవరి 2025

పెద్దనాయనకు వందనాలు.

నేను నేల చూసింది నీ గొంతుకు కాదు. ఆ పొద్దు మా ఎయిర్‌పోర్టు స్టోరులోంచి నా సంతకం లేకుండా రెండు మిషన్లు బయటికి పోయాయి, ఆఫీసరు చూసింది నన్ను. నాలుగేళ్ళ పిల్లను ఎత్తుకుని పెంచి, అమ్మ కూడా పోయాక చదివించి, ఈ ఉద్యోగం దాకా తెచ్చింది నువ్వు. నీతో నాకు నామోషీ ఏంది. ఆ మాట ఇంకోసారి రాయవద్దు.

సూటిగా రాయమన్నావు. రాస్తున్నాను. సినిమాలో చిన్న ఈరన్న పైకి రాడు. బావిలోనే పోతాడు. సినిమావాళ్ళు అట్లా తీశారు. జనం ఏడవాలని తీస్తారు.

అందుకే రావద్దంటున్నాను. నీకు పుస్తకం ఉంది. పెద్దమ్మ చదివింది నీకు మొదటి నుంచి చివరిదాకా నోటికి వస్తుంది. అది నీ దగ్గర అట్లే ఉండనీ. సినిమాను వదిలెయ్యి.

నీ కృప


మిషన్ పాళెం
17 ఫిబ్రవరి 2025

కృపారాణికి ఓబన్న రాసేది.

సరే. నామోషీ మాట తీసేస్తున్నాను.

ఈ సినిమావాళ్ళు ఎవరు? బతికినవాణ్ణి చంపడానికి వాళ్ళకు హక్కు ఎవరిచ్చారు? పుస్తకం రాసిన అయ్యవారు ఏం చేస్తున్నాడు? మనిషి కష్టపడి ఒక ఇల్లు కడితే ఎవరో వచ్చి దూలం పీకేసినట్టు ఉంది.

అట్టలోపలి ఆయన అడ్రసు కూడా మీ పెద్దమ్మ చదివేది, నాకు నోటికి వస్తుంది. ప్రొద్దుటూరు. కార్డు మీద రాసి పంపాను. "అయ్యా, నీ పుస్తకంలో చిన్న ఈరన్న బతికి వస్తాడు. సినిమాలో చంపారంట. నువ్వు కోర్టుకు పోవాల. సాక్షి కావాలంటే నేను వస్తాను. బావులు తవ్వినవాణ్ణి." అంతే రాశాను. అయ్యవారికి కదా, తప్పు లేకుండా రాయడానికి రెండు దినాలు పట్టింది. నిన్న పెట్టెలో వేశాను.

యేసుప్రసాద్ చూసి నవ్వాడు.

"ఏం పెద్దయ్యా, కథలో మనిషికి కోర్టా?"

"కథ కాబట్టే. నిజం మనిషికైతే ఏ కోర్టు లేచె?"

వాడు నవ్వు ఆపి ఆటో తీశాడు.

నువ్వు కూడా తెలిసినవాళ్ళకు చెప్పు, ఆ సినిమా చూడవద్దని.

ఓబన్న


ఓర్వకల్లు
24 ఫిబ్రవరి 2025

పెద్దనాయనా,

కార్డు ఎందుకు వేశావు. నన్ను ఒక్క మాట అడిగి ఉండాల్సింది.

ఆ పుస్తకం వచ్చి ముప్పై ఏడేళ్ళు. ఆయన ఆ ఇంట్లో ఉన్నాడో లేడో. ఉన్నా పెద్ద వయసు, ఏది గుర్తుంటుంది. ఒకవేళ జవాబు వస్తే అది పక్కన పెట్టు. నేను వచ్చేదాకా చదవవద్దు. మార్చి మొదటి ఆదివారం వస్తాను. అప్పుడు కూర్చుని మాట్లాడుకుందాం.

ఈ ఒక్క మాట విను.

కృప


మిషన్ పాళెం
8 మార్చి 2025

కృపారాణికి ఓబన్న రాసేది.

ఆదివారం నువ్వు రాలేదు. సెలవు దొరకలేదని యేసుప్రసాద్‌కు ఫోను చేశావంట, చెప్పాడు.

నీ ఉత్తరం వచ్చినప్పుడు నేను వేరే అనుకున్నాను. సినిమావాళ్ళ తరఫున ఎవరో నీ చేత రాయించారేమో, నీకు ఏదో ఆశ చూపించారేమో అని. కార్డు చదవవద్దు అంటే మనిషికి ఇంకేం తోస్తుంది. నీ మీద అట్లా అనుకున్నందుకు నాకు బాగా లేదు. రాసి పెడుతున్నాను.

కార్డు ఫిబ్రవరి ఇరవై ఏడున వచ్చింది. నాలుగు వరుసలు. అక్షరాలు పెద్దవిగా ఉన్నాయి, నాకు అదే సులువయింది. "ఓబన్న గారికి. మీ అభిమానానికి కృతజ్ఞతలు. సినిమాలో ముగింపు మార్చలేదు. నా పుస్తకంలో ఉన్నట్టే తీశారు. 212వ పేజీ చూడగలరు."

ముసలాయనకు మతి పోయిందనుకున్నాను. తప్పని చూపించడానికి పుస్తకం తీశాను. అది ట్రంకుపెట్టెలో ఆమె చీరల కింద ఉంది. ఇంతకుముందు నేను దాన్ని విప్పి ఎరగను. ఎప్పుడు కావాలన్నా ఆమె చదివేది.

చివరి అధ్యాయం పదకొండు పేజీలు. తొమ్మిది దినాలు చదివాను. వేలు పెట్టి, ఒక్కొక్క మాట. మొదటి పది పేజీలు ఆమె చదివినట్టే ఉన్నాయి. ఒక్క ముక్క తేడా లేదు. వేలు తాకకముందే తరవాతి మాట నాకు తెలిసేది. వీరభద్రకు జ్వరం. వత్తి ముట్టించాల్సింది పెద్దవాడు, ముట్టిస్తానని చిన్నవాడు దిగుతాడు. అంతా అట్లే ఉంది.

పదకొండో పేజీ పైన నాలుగు వరుసలు. కడపటి వరుస ఇది. "నీళ్ళు పడ్డాయి. చిన్న ఈరన్న రాలేదు."

అంతే. ఆ కింద పేజీ అంతా ఖాళీ. తిప్పితే అట్ట.

దగ్గుతూ రావడం లేదు. "అన్నా, రాయి కింద తడి తగిలింది" అనడం లేదు. వీరభద్ర తువ్వాలతో వాడి ముఖం తుడవడం లేదు. వదిన గంజి తేవడం లేదు. ఆమె చదివినప్పుడు అది శానాసేపు ఉండేది, నేను ఆ సేపు అంతా ఆమె ముఖం చూసేవాణ్ణి. కళ్ళు ఎడమ నుంచి కుడికి, వరుస వరుసకు పోయేవి. చివర పేజీ తిప్పేది కూడా.

పుస్తకం ఎవరైనా చింపారేమో అని అంకెలు, అట్ట కుట్టు చూశాను. చింపలేదు.

ఏడుపు రాలేదు. కోపమూ రాలేదు. లేచి మేకలకు నీళ్ళు పెట్టాను. రాత్రిది సద్ది ఉంటే తిన్నాను. రుచి ఏమీ తెలియలేదు, ఉప్పు వేసుకోలేదని తరవాత చూసుకున్నాను.

నీకు ఇది ముందే తెలుసు. తెలిసే సినిమావాళ్ళ మీద పెట్టావు. ఎప్పటి నుంచి తెలుసో రాయి.

ఓబన్న


ఓర్వకల్లు
12 మార్చి 2025

పెద్దనాయనకు వందనాలు.

ఇంటర్ మొదటి సంవత్సరం నుంచి తెలుసు. వేసవి సెలవుల్లో పెట్టె సర్దుతుంటే దొరికింది, చదివాను. చదివి పెద్దమ్మను అడిగాను. ఆమె చింతపండు గింజలు తీస్తూ ఉంది. తల ఎత్తలేదు.

"పెద్దమ్మా, ఇందులో చిన్న ఈరన్న చచ్చిపోతాడు."

"తెలుసు పాపా."

"నువ్వు బతికి వస్తాడని చదువుతాండావే."

"మీ నాయన పోయినంక మీ పెద్దనాయన పదకొండు దినాలు ముద్ద ముట్టలే. నేను ఊరికే పుస్తకం చదువుతాంటి, మనిషి పక్కన ఒక గొంతు ఉంటే చాలని. చివరికి వచ్చేసరికి నాకు నోరు రాలే. ఆ మాట పైకి చదవలేకపోతి. నోటికి వచ్చింది చదివితి. చదివినంక ఆయన లేచి అన్నం ఉండాదా అని అడిగె."

"అది అబద్ధం కాదా? నువ్వు చర్చిలో చదివే మనిషివి."

"ఇది బైబిలు కాదులే. మళ్ళీ ఏడు అదే చదవమనె. ఏం చదివితినో మర్చిపోతానేమోనని మొదట చదివిన పొద్దే నోటికి పట్టుకుంటి. నువ్వు నోరు మూసుకో పాపా. ఆయన కాడ అనొద్దు."

అంతే పెద్దనాయనా. నేను నోరు మూసుకున్నాను. సినిమావాళ్ళ మీద పెట్టింది నేనే, పెద్దమ్మది తప్పు లేదు. నీకు చెప్పాల్సి వస్తే ఎట్లా చెప్పాలో ఆమె నాకు చెప్పి పోలేదు.

మార్చి ఇరవై ఐదుకు నేను ఎప్పుడో సెలవు పెట్టాను, రెండు టిక్కెట్లు తీస్తాను. ఇప్పుడు నువ్వు రాకపోతే నేనేమీ అనుకోను. వస్తే తెలిసే రావాలి. సినిమాలో ఆ చోటు శానాసేపు చూపిస్తారంట. పుస్తకంలో లాగా నాలుగు మాటలతో పోదు. నేను కూడా మా నాయన ఎట్లా పోయాడో ఎవరినీ అడగలేదు. నీకు చూడాలని లేకపోతే, నిజంగా చెబుతున్నా, నాకు కూడా లేదు.

నీ కృప


మిషన్ పాళెం
17 మార్చి 2025

కృపారాణికి ఓబన్న రాసేది.

వస్తాను. తెల్లారి మొదటి బస్సుకు. ఓర్వకల్లులో నిలబడి ఉండు.

హాల్లో నా చేయి పట్టుకోవద్దు. బాగుందా, బాగలేదా అని అడగవద్దు. మధ్యలో లేచి పోదామని సైగ చేయవద్దు.

ఓబన్న


మిషన్ పాళెం
30 మార్చి 2025

కృపారాణికి ఓబన్న రాసేది.

ఇల్లు చేరాను. నువ్వు కట్టిచ్చిన జొన్నరొట్టెలు నంద్యాలలో తిన్నాను. పల్లీల పొడి ఎక్కువ వేశావు.

బస్సెక్కేటప్పుడు ఏమైనా చెప్పు పెద్దనాయనా అన్నావు. బస్సులో చెబితే డ్రైవరు కూడా వింటాడు. అందుకే రాస్తున్నాను.

సినిమా బాగాలేదు. మనిషిని బావిలోకి దించే మోకుతాడు కట్టడం వాళ్ళకు రాదు. ఆ ముడి అయితే గంపను కూడా నిలపదు. తూటా పెట్టే బోరు అంత వంకరగా వేస్తే రాయి మనమీదికే వస్తుంది. ఈరన్న పెళ్ళాం చేతి గాజులు ఎండలో మెరుస్తుంటే కరువు యాడుంది. వీరభద్ర వేసినవాడు గడ్డం గోక్కోవడం తప్ప ఏమీ చేయలేదు. హాల్లో పదిమంది ఉన్నారు, అందులో ముగ్గురు నిద్రపోయారు. నువ్వు మార్చి ఎండ గురించి చెప్పావు గానీ లోపల చలి గురించి చెప్పలేదు.

ఒక్క చోట మాత్రం సరిగ్గా చేశారు. అది ఎవరు చెప్పారో నాకు తెలియదు. పుస్తకంలో లేదు, మీ పెద్దమ్మ చదివినదాంట్లోనూ లేదు.

వత్తి ముట్టించి కిందివాడు మోకు మూడుసార్లు గుంజుతాడు. పైన వీరభద్ర, పాలేరు లాగుతారు. సగం లాగాక కింద పేలుతుంది. అప్పుడు మోకు తేలిక అయిపోతుంది. బలమంతా పెట్టి లాగుతున్న మనిషి చేతికి ఏమీ తగలదు. వీరభద్ర వేసినవాడు రెండడుగులు వెనక్కి పోయి వెల్లకిలా పడ్డాడు, కాళ్ళు పైకి లేచాయి. అది నిజం. అట్లానే పడతాం. నేను కూడా అట్లానే పడ్డాను. ఇది నేను ఎవరికీ చెప్పలేదు. మీ పెద్దమ్మకు కూడా చెప్పలేదు. వత్తి ముట్టించేది పెద్దవాడు, అది మా పనిలో కట్టుబాటు. ఆ పొద్దు నాకు ఈ మోకాలే వాచింది. నువ్వు పైన ఉండన్నా, నేను దిగుతాండా అన్నాడు మీ నాయన. సరే అన్నాను. సరే అనడానికి ఎంతసేపు పట్టిందో నాకు గుర్తు లేదు. పట్టి ఉండదు.

నువ్వు అడగలేదని రాశావు. ఇప్పుడు తెలిసింది కదా. నేనూ ఇన్నేళ్ళు చెప్పలేదు.

మీ పెద్దమ్మ మీద నాకు కోపం వస్తుందేమోనని చూశాను. రాలేదు. ఆమె చదివింది వింటూ అన్నం తిన్నాను, ఇరవై ఎనిమిదేళ్ళు బతికాను. దాన్ని ఇప్పుడు ఏం చేయాలో నాకు తెలియదు. తెర మీద ఈరన్న వస్తాడేమోనని ఇంకా చూస్తూనే ఉన్నాను, రాడని తెలిసి కూడా. పేర్లు పడేదాకా చూశాను. రాలేదు.

ఇంకొక్క మాట. వీరభద్ర వెల్లకిలా పడినప్పుడు ముందు వరుసలో ఒక పాప నవ్వింది. నాకు వినపడలేదు, ఆ పాప భుజాలు కదలడం చూశాను. నువ్వు లేచి ముందుకు వంగి ఆ పాపను ఏదో అన్నావు. వాళ్ళమ్మ దాన్ని ఒళ్ళోకి లాక్కుంది. తరవాత సినిమా అయ్యేదాకా ఆ పాప తల ఎత్తలేదు.

అట్లా అనకుండా ఉండాల్సింది. ఆ పొద్దు బావి కాడ, చింతచెట్టు నీడలో మీ అమ్మ పక్కన నువ్వు ఉన్నావు. నీకు నాలుగేళ్ళు. పేలుడు శబ్దం నీకు అలవాటే. నేను కాళ్ళు పైకి లేపి పడితే నువ్వు చప్పట్లు కొట్టి నవ్వావు. మళ్ళీ పడు పెద్దనాయనా అన్నావు.

నిన్ను ఎవరూ ఏమీ అనలేదు.

ఓబన్న